రివర్సు గేరూ, మా మామగారి హోల్డానూ

మా కారుకి పదమూడేళ్లు. మాన్యువల్ గేర్లది. న్యూజెర్సీలో ఇలాంటి కారు నడుపుతున్నానంటే ఎద్దులబండి తోలేవాణ్ణి చూసినట్టు చూస్తారు నన్ను. సరే, అది వేరే కథ.

పోయిన నెల్లో ఓ రోజు రివర్సు గేరు వేస్తే డాష్‌బోర్డు మీది తెరలో వెనక కెమేరా బొమ్మ రాలేదు. వస్తున్న పాట పేరే అలా కనిపిస్తోంది. ఆ తెరా, కెమేరా కారుతో వచ్చినవి కావు, తర్వాత బిగించుకున్నవి. షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు పావుగంట చూసి "కెమేరా పోయింది, తెర కూడా పాతదే, రెండూ మార్చేద్దాం, 900 డాలర్లు" అన్నాడు. నేనూ సరేనని, వచ్చే వారానికి అపాయింట్‌మెంటు తీసుకుని వచ్చేశాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు చేసి, పదేళ్లుగా జనాల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పొట్టపోసుకుంటున్నవాణ్ణి, "నీకెలా తెలిసింది బాబూ?" అని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ శనివారం ఇంటి ముందు కారు వెనక్కి తీస్తున్నాను. "హోల్డాన్!" అని ఓ గావుకేక, వెంటనే డిక్కీ మీద ధడేల్ ధడేల్‌మని రెండు దెబ్బలు. బ్రేకు తొక్కేశాను. చూస్తే మా మామగారు. గుడివాడ డిపోలో ఆర్టీసీ కండక్టరుగా రిటైరయి, ఆర్నెల్లు కూతురి దగ్గరుందామని వచ్చిన మనిషి. పక్కింటి నాలుగేళ్ల పాప మూడు చక్రాల సైకిలు మీద నా వెనక చక్రానికి మూడడుగుల దూరంలో ఉంది.

"అల్లుడుగారూ, వెనక తెల్ల లైటు వెలగట్లేదు. బండి వెనక్కొస్తుందని ఆ పిల్లకెలా తెలుస్తుందండీ?" అన్నారాయన.

నాకు కాళ్లు వణికాయి. వారం రోజులుగా నా ఏడుపల్లా నాకు బొమ్మ కనపడట్లేదనే. అమెరికాలో 2018 మే నుంచి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక కెమేరా ఉండి తీరాలని రూలు. మంచిదే, కాదన్ను. కానీ కెమేరా నడిపేవాడి కోసం. వెనకున్నవాళ్ల కోసం ఉన్నది ఆ తెల్ల లైటు. దాని సంగతి నాకు తట్టనే లేదు.

ఆయన మాటతో బుర్ర కాస్త కదిలింది. కెమేరా పోతే తెర నల్లబడాలి. ఇక్కడ తెర అసలు మారటమే లేదు. పైగా లైట్లూ లేవు. అంటే రివర్సు పడిందన్న కబురే ఎవరికీ అందట్లేదన్నమాట.

మాన్యువల్ గేరుబాక్సు మీద బోల్టులా బిగించిన చిన్న స్విచ్చి ఒకటి ఉంటుంది. రివర్సు పడగానే అందులో రెండు కొసలు కలిసి, 12 వోల్టులు వెనక లైట్లకి వెళ్తాయి. తర్వాత బిగించిన తెరకి వెళ్లే కబురు కూడా మామూలుగా ఆ లైటు వైరు నుంచే లాగుతారు. ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. ఇక ఓ చివర నుంచి మొదలెట్టకుండా మన బైనరీ సెర్చిలాగా మధ్యలో పట్టుకున్నాను. ఎయిర్ ఫిల్టరు డబ్బా తీస్తే కింద స్విచ్చి కనపడింది. చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, స్విచ్చి ప్లగ్గు ఊడదీసి, ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం తిప్పి, ప్లగ్గులోని రెండు కొసల్నీ చిన్న వైరుముక్కతో కలిపాను.

"వెలిగిందండీ!" అని వెనక నుంచి కేక. తెర నిండా మామగారి లుంగీ :)

అంటే బల్బులు, వైర్లు, కెమేరా, తెర అన్నీ దివ్యంగా ఉన్నాయి. మిగిలింది స్విచ్చే. రివర్సు వేసి మల్టీమీటరు పెడితే దాని కొసలు కలవట్లేదని తేలిపోయింది. కొత్తది 28 డాలర్లు. పాతది విప్పుతుంటే నాలుగు చుక్కలు గేరాయిలు కారింది, అంతే. గేరుబాక్సు అల్యూమినియంది కాబట్టి కొత్తదాన్ని మరీ బలంగా బిగించకూడదు.

నిజం చెప్పాలంటే షాపు కుర్రాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. అతను గంటసేపు వెతికి "28 డాలర్ల స్విచ్చి, వెతికినందుకు 120" అంటే ఊరుకుంటామా? "చూసినందుకే డబ్బులా!" అని ఊరంతా టముకు వేస్తాం. అదే కొత్త సామాను బిగించి 900 అంటే నోరెత్తకుండా కార్డు గీకేస్తాం. మార్చినందుకే డబ్బులిస్తుంటే ఎవడు మాత్రం వెతుకుతాడు? మా ఆఫీసుల్లోనూ ఇదే తంతు. సర్వరు నెమ్మదించిందంటే ఇంకా పెద్ద సర్వరు కొనిపిస్తాం. ఏ టేబులుకి ఇండెక్సు లేదో వెతకడానికి వారం బిల్లు వేస్తే మాత్రం కస్టమరు గయ్యిమంటాడు. నేనూ కొనిపించాను, దాచుకోవడం దేనికి.

అందుకని ఇప్పుడు షాపువాడితో ముందే చెప్తున్నాను, కనుక్కోవడానికి ఎంతో చెప్పు, ఇస్తాను, కనుక్కున్నది నాకు చూపించు, మార్చే సంగతి తర్వాత అని. మీరూ ఓసారి రాత్రిపూట కారు వెనకభాగం గోడవైపు పెట్టి రివర్సు వేసి చూడండి, గోడ మీద తెల్ల వెలుగు పడుతోందో లేదో. దానికి మల్టీమీటరు కూడా అక్కర్లేదు.

మామగారు వచ్చే నెల గుడివాడ వెళ్లిపోతున్నారు. ఈలోగా నేను కారు తీసినప్పుడల్లా వెనక నిలబడి "రానీ... రానీ..." అంటూనే ఉన్నారు. లైటు వెలుగుతోంది కదండీ అంటే, "వెలగనీండి" అంటారు.