ఎయిర్ లాకర్‌ని సోకు అనేవాళ్లకు

"ఎయిర్ లాకరా? అది కుర్రాళ్ల సోకు సార్. ఇప్పటి బళ్లకి అన్నీ ఎలక్ట్రానిక్సే చూసుకుంటాయి." ఈమధ్య విశాఖలో ఒక షోరూములో, చింతపల్లి వైపు కాఫీ తోట ఉన్న ఒక రైతుకి అక్కడి సేల్స్ కుర్రాడు చెప్పిన మాట ఇది. ఆ రైతు అడిగింది న్యాయమైన ప్రశ్న. వానాకాలంలో బండి తోట దాకా వెళ్లాలి, బురదలో వెనక చక్రం ఒకటి గిర్రున తిరుగుతుంటే రెండోది కదలనే కదలదు, దానికి మందేమిటని అడిగాడు. ఆయనకి దొరికిన జవాబు ఇదీ, దీని వెంట ఒక నవ్వూ. అది విన్నప్పటినుంచీ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఆ కుర్రాడొక్కడి మాటే అయితే వదిలేసేవాణ్ణి. ఊరంతా ఇదే పాట పాడుతోంది. బీచ్ రోడ్డులో బళ్లు వరసగా నిలబెట్టి ఫోటోలు దిగేవాళ్లదీ ఇదే మాట. కొండ ప్రాంతాలకి బళ్లు కొనిపెట్టే ఆఫీసుల్లోనూ ఇదే ధోరణి.

ముందు బండి వెనక అంటించే ఆ ‘ఫోర్ బై ఫోర్’ బిళ్ల సంగతి తేల్చాలి. దాన్ని చూసి నాలుగు చక్రాలూ లాగుతాయని జనం నమ్ముతున్నారు. లాగవు. ప్రతి ఇరుసు మధ్యలోనూ డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో కనిపెట్టిన ఏర్పాటు అది. తారురోడ్డు మీద అది లేకపోతే బండి తిరగదు. కానీ దాని గుణం ఒకటుంది. రెండు చక్రాలకీ తిప్పే బలాన్ని సమానంగానే పంచుతుంది. బురదలో జారే చక్రానికి ఎంత పట్టు దొరికితే, గట్టినేల మీద నిలబడ్డ చక్రానికీ అంతే బలం అందుతుంది. జారే చక్రానికి పట్టు సున్నా అయితే రెండోదానికీ సున్నాయే. ఇంజన్ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. ఫోర్ బై ఫోర్ గేరు వేశాక జరిగేది కూడా ఇదే: ఎగుడుదిగుడు దారిలో ముందు ఎడమ చక్రమూ వెనక కుడి చక్రమూ గాల్లోకి లేస్తే, ఆ రెండే తిరుగుతాయి, నేల మీదున్న రెండూ కదలవు. రెండో ప్రపంచయుద్ధంలో పేరు మోసిన విల్లీస్ జీపు ఇరుసుల్లో ఉన్నవీ, రెండు చక్రాల్నీ ఒకటిగా బిగించే లాకు లేని డిఫరెన్షియళ్లే. నాలుగు చక్రాలకి డబ్బు తీసుకుని రెండు చక్రాల బండి చేతిలో పెడుతున్నప్పుడు, ఆ సంగతి కొనేవాడికి చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడికి లేదా?

ఇక ‘ఎలక్ట్రానిక్స్ చూసుకుంటాయి’ అనే మాట. చూసుకునేది బ్రేకు. జారుతున్న చక్రాన్ని సెన్సరు కనిపెట్టి, దానికి మాత్రం బ్రేకు వేస్తుంది. అప్పుడు అవతలి చక్రానికి కొంత బలం వెళుతుంది. 2023లో వచ్చిన జిమ్నీలోనూ ఉన్నది ఈ ఏర్పాటే. జోడెడ్లలో ఒకటి బురదలో గింజుకుంటుంటే దాని ముక్కుతాడు బిగబట్టి, రెండోది లాగుతుందిలెమ్మని కూర్చోవడం లాంటిది ఇది. చక్రం జారాకే సెన్సరుకి తెలుస్తుంది. జారడం మొదలయ్యాక కూడా యాక్సిలరేటరు తొక్కి పట్టాలి, లేకపోతే అది పనిచేయదు. ఎర్రమట్టి బురదలో చక్రం తిరిగేకొద్దీ గొయ్యి లోతవుతుంది. సామాను నింపిన బండి ఘాట్ ఎక్కుతూ ఇలా నాలుగైదు చోట్ల ఇరుక్కుంటే బ్రేకు ప్యాడ్లు కాలిపోయే వాసన వస్తుంది. అదే బ్రేకుతో మళ్లీ ఆ ఘాట్ దిగాలి.

మెకానికల్ లాకు ఇంకో రకం. థార్‌లో కొన్ని రకాలకి ఇది కంపెనీ నుంచే వస్తుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి వంద చుట్ల దాకా పెరిగాక దానంతటదే కరుచుకుంటుంది. లేనిదానికంటే నయమే, ఒప్పుకుంటాను. కానీ ఎప్పుడు కరుచుకోవాలో డ్రైవరు చేతిలో లేదు. పక్కన లోయ ఉన్న దారిలో, చక్రం జారుతున్న క్షణంలో, ఇరుసు దడేలున పట్టుకుంటే బండి వెనక భాగం ఎటు తిరుగుతుందో ఆ డ్రైవరుకి మాత్రమే తెలుస్తుంది.

ఎయిర్ లాకర్ ఇలా కాదు. గొయ్యి ముందే కనబడుతుంది కదా, దాన్లో దిగకముందే డ్రైవరు స్విచ్ నొక్కుతాడు. బానెట్ కింద ఉన్న చిన్న కంప్రెసర్ నుంచి గాలి బయల్దేరి, సోలనాయిడ్ వాల్వు దాటి, పెన్సిలు కంటే సన్నటి గొట్టంలోంచి ఇరుసులోకి చేరుతుంది. అక్కడ పిస్టన్ జరిగి సైడ్ గేరుని కేరియరుతో కలిపి బిగిస్తుంది. ఇక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి తీరాలి, ఒకటి గాల్లో ఉన్నా సరే రెండోది లాగుతుంది. స్విచ్ తీసేస్తే గాలి బయటికి పోతుంది, స్ప్రింగులు పిస్టన్‌ని వెనక్కి నెడతాయి, మళ్లీ మామూలు డిఫరెన్షియలే. ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ దీన్ని లోకమంతా అమ్ముతోంది. అమెరికాలో 2003 మోడల్ జీప్ రాంగ్లర్ రూబికాన్‌కి ముందూ వెనకా గాలితో పనిచేసే లాకులు కంపెనీలోనే బిగించారు. ఇందులో సోకు ఎక్కడుంది?

అంత దూరం పోనక్కర్లేదు. గాజువాక జంక్షన్‌లో అరగంట నిలబడండి. గంగవరం పోర్టు వైపు, స్టీల్ ప్లాంటు వైపు పోయే పెద్ద టిప్పర్లు చూడండి. వాటిలో చాలావాటి డాష్‌బోర్డు మీద డిఫ్ లాక్ స్విచ్ ఉంటుంది. బ్రేకుల కోసం ఎలాగూ ఉన్న ట్యాంకులోంచే గాలి తీసుకుని ఇరుసుకి తాళం వేస్తుంది. వాన పడ్డ క్వారీలో, గట్టిపడని మట్టిదిబ్బ మీద, లోడు దింపి బయటికి రావాలంటే టిప్పరు డ్రైవరు నొక్కేది దాన్నే. బయటపడగానే తీసేస్తాడు, తారు మీద అది వేసి ఉంచితే ఇరుసు విరుగుతుందని ఆయనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పోర్టు, ఉక్కు కర్మాగారం ఉన్న ఈ ఊళ్లో రోజూ పనిచేసే సామాను ఇది. లారీలో ఉంటే పనిముట్టు, జీపులో ఉంటే సోకా?

అసలు సోకు ఏమిటో నేను చెబుతాను. బండి నెత్తిన దీపాల దండ. నీళ్లలో ఎన్నడూ దిగని బండికి స్నోర్కెల్. గేరు నిష్పత్తి మార్చకుండా, బ్రేకుల గురించి ఆలోచించకుండా ఎక్కించిన బోద టైర్లు. ముందు బంపరుకి ఇనుప గార్డు. ఆ గార్డులు పాదచారుల ప్రాణాలు తీస్తాయని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వద్దని రాష్ట్రాలకి రాసింది. ఇప్పటికీ రామకృష్ణా బీచ్ నుంచి భీమిలి దాకా ఆదివారం సాయంత్రం వాటి ఊరేగింపే. ఇవన్నీ పెట్టించుకోవడానికి డబ్బుంటుంది. ఇరుసులో లాకు ఉందా అంటే, అబ్బే, అదెందుకంటారు. ఎందుకో తెలుసా? లాకు బయటికి కనబడదు. ఇరుసు లోపల నూనెలో మునిగి ఉంటుంది. ఫోటోలో పడదు.

పోనీ ఆ అలంకారాలతో ఇళ్ల ముందు నిలబెట్టుకున్నా బాధ లేదు. వీళ్లలో కొందరు ఇసుక మీద పడతారు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖ ఆ గుడ్లు ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగిస్తుంది. అదే ఇసుక మీద చక్రాల గీతలు. అదే తీరంలోని ఎర్రమట్టి దిబ్బల్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. వేల ఏళ్లలో పేరుకున్న ఆ ఎర్ర ఇసుకని వాన కోసేస్తేనే గుండె గుభేలుమంటుంది, దాని మీద టైర్లతో ఎక్కడమేమిటి? బండి బలం చూపించుకోవడానికి తాబేలు గుడ్లూ దిబ్బలూ దొరికాయా వీళ్లకి? వీళ్లని చూసి జనం ఫోర్ బై ఫోర్ అంటేనే ఆకతాయితనం అనుకుంటున్నారు. పనికోసం లాకు అడిగిన రైతు మీద ఆ ముద్ర పడుతోంది. నా కోపమంతా ఇక్కడే.

బిగించే పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లాకుకి చెడ్డపేరు తెచ్చినవాళ్లలో సగం మంది చేతకాని ఫిట్టర్లు. ఇది హారన్ మార్చినంత పని కాదు. ఇరుసు నూనె దింపి, యాక్సిల్ షాఫ్టులు లాగి, బేరింగ్ క్యాపుల మీద ఏది ఎడమో ఏది కుడో పంచ్‌తో గుర్తు కొట్టుకోవాలి, అవి తారుమారైతే బేరింగ్ బతకదు. క్రౌన్ వీల్ విప్పి కొత్త కేరియరుకి బిగించాలి. గాలి లోపలికి రావడానికి హౌసింగ్‌కి రంధ్రం వేసి మర తియ్యాలి, ఆ రజను ఒక్క చిటికెడు కూడా లోపల మిగలకూడదు. లోపలి రాగి గొట్టాన్ని క్రౌన్ వీల్‌కి తగలకుండా వంచాలి. ఆ తర్వాత షిమ్ములు మార్చుకుంటూ, డయల్ గేజి పెట్టి క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య సందు చూడాలి. మిల్లీమీటరులో పదో వంతుల లెక్క అది. పళ్లకి రంగు పూసి తిప్పి, ముద్ర పన్ను మధ్యలో పడుతోందా అంచున పడుతోందా చూడాలి. ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రి కుర్రాడితో అంటుంటే విన్నాను: "గేజి ఎట్టకుండా బిగించీకురా బావూ, పన్నుకి పన్ను ఏడుస్తాది." ఇరుసు పని మీద అంతకు మించిన పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

గాలి గొట్టం పనీ అంతే. ఇరుసు కిందకి పూర్తిగా వేలాడినా లాగకుండా వదులు ఉండాలి, సైలెన్సరుకి దూరంగా పోవాలి. మన ఊళ్లో ఉప్పుగాలి ఒకటుంది, కంప్రెసరు వైర్ల కొసలకి ఏడాది తిరక్కుండా పచ్చగా చిలుం పడుతుంది, కాబట్టి గ్రీసు పెట్టి మూసెయ్యాలి. ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్లు పోసి బుడగలు చూడాలి. ఇవేమీ చేయకుండా, గేజి అన్నదే లేని ఒక షెడ్డులో బిగించిన లాకర్ నా కళ్లారా చూశాను. లోపలి ఓ-రింగు బిగించేటప్పుడే తెగింది. ఇరుసు నూనె గాలి గొట్టంలోంచి ఎగదన్ని, బానెట్ కింద సోలనాయిడ్ దగ్గర చిమ్ముతోంది. ఇరుసు అరవై మీద కూత పెడుతోంది. ఆ బండి యజమాని ఇప్పుడు లాకర్లన్నీ మోసమంటూ ఊరంతా చెప్పుకుంటున్నాడు. తప్పు లాకరుదా, కొలవని చేతులదా?

మిగతా అభ్యంతరాలకి ఎక్కువసేపు అక్కర్లేదు. ఖర్చంటారు. కంప్రెసరుతో కలిపి లక్ష దాటుతుంది నిజమే, పైన చెప్పిన అలంకారాల బిల్లులు కూడండి, అదీ తక్కువేమీ కాదు. లాకు వేస్తే స్టీరింగు తిరగదంటారు. ముందు ఇరుసుకి వేస్తే బిగుస్తుంది, అందుకే నెమ్మదిగా, తిన్నగా పోయేచోట వేసి, దాటగానే తీసెయ్యమంటాం. పక్కకి వాలిన జారుడు నేల మీద అసలు వెయ్యొద్దంటాం. చట్టం ఒప్పుకోదంటారు. కంపెనీ ఇచ్చిన నిర్దేశాలు మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు. ఈ ఒక్క మాటకి బరువుంది. ఆర్టీఓ ఆఫీసులో అడగకుండా ఎవరూ బిగించుకోవద్దు. కానీ చట్టం ఇంత గట్టిగా ఉన్నప్పుడు లాకు కంపెనీలోనే పడాలి. ఫోర్స్ గుర్ఖాకి ముందూ వెనకా రెండు లాకులూ కంపెనీవే. 2022లో మన దేశంలో హైలక్స్ వచ్చింది, 2024లో థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్ వచ్చింది, వాటి వెనక ఇరుసుకి డ్రైవరు స్విచ్‌తో పనిచేసే లాకు ఉంది. ఎలక్ట్రానిక్సే అన్నీ చూసుకుంటే ఆ కంపెనీలు పని లేక పెట్టాయా?

గాలిదా, కరెంటుదా, లీవరుదా అన్న పట్టింపు నాకు లేదు. తాళం డ్రైవరు చేతిలో ఉండాలి, అంతే. అది అందరికంటే ఎక్కువ కావలసింది ఎవరికో కూడా చెబుతాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇప్పటికీ గర్భిణుల్ని డోలీ కట్టి కొండ దింపుతున్నారు. అనంతగిరి, జి.మాడుగుల, పాడేరు మండలాల్లో రోడ్డు లేని ఊళ్ల సంగతి ప్రతి వానాకాలం పేపర్లో వస్తుంది. ఆ ఊళ్లన్నిటికీ రోడ్డు వెయ్యాలి, దానికి లాకు బదులు కాదు. కానీ రోడ్డు పడేలోపు, మట్టిదారి ఉండి కూడా బురదకి భయపడి బండి కింద ఆగిపోయే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అంబులెన్సు ఆగినచోటు నుంచి డోలీ మొదలవుతుంది. ఆ ఆఖరి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కగల బండి కొనడం ప్రభుత్వానికి భారమా?

ఏజెన్సీకి వాహనాలు కొనే అధికారులకి నా విన్నపం. రంగు, సీట్లు, ఏసీ అన్నీ టెండరులో రాస్తున్నారు. తర్వాతి కాగితంలో ఇంకొక్క వాక్యం చేర్చండి: నాలుగు చక్రాలకీ శక్తి అందే బండి కావాలి, వెనక ఇరుసుకి డ్రైవరు వేసి తియ్యగల డిఫరెన్షియల్ లాకు తప్పనిసరి. దాంతోపాటు ఆ డ్రైవర్లకి దాన్ని ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో గాజువాక టిప్పరు డ్రైవర్ల చేత నేర్పించండి.