బిగిసిన కట్టు - ఊచచెయ్యి



ప్రభువు విశ్రాంతిదినాన బాగుచేసిన ఊచచెయ్యి గలవాని సంగతి మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ వ్రాశారు. అది కుడిచెయ్యి అని మాత్రం లూకా ఒక్కడే చెప్పాడు (లూకా 6:6). ఆయన వైద్యుడు గదా! ఆ చెయ్యి ఎందుకు ఊచపోయిందో లేఖనం చెప్పలేదు. అయితే మన పల్లెల్లో చేతులు పాడవడానికి గల ఒక కారణం మనం తప్పించగలిగినదే.

పిల్లవాడు చెట్టు మీదనుండి జారిపడి మోచేతి దగ్గర ఎముక విరుగుతుంది. వెదురు బద్దలు పెట్టించి గట్టిగా కట్టు కట్టిస్తాము. రాత్రంతా ఏడుస్తాడు. "ఎముక విరిగితే నొప్పి ఉండదా? ఓర్చుకో" అంటాము. తెల్లవారేసరికి ఏడుపు తగ్గితే నిమ్మళించిందనుకుంటాము. కొన్నిసార్లు నరాలు చచ్చుబడడం వల్లనే ఆ నొప్పి తగ్గుతుంది.

మన ముంజేతిలో కండరాలు మూడు అరలుగాను, చేతిలో పది అరలుగాను అమరి ఉన్నాయి. ఒక్కొక్క అర చుట్టూ సాగని పొర ఉంటుంది. దెబ్బ తగిలి లోపల వాచినప్పుడు ఆ వాపుకు దారి ఉండదు. ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. దీనినే డాక్టర్లు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ఎముక విరగడం, బిగుతైన కట్టు, పిండికట్టు, చెయ్యి యంత్రంలో నలగడం, కాలిన గాయాలు, పాముకాటు దీనికి కారణాలు. సుమారు 6 గంటలు దాటితే దెబ్బతిన్న కండరం మళ్లీ కోలుకోవడం కష్టం. అది ముడుచుకొని మణికట్టు వంగిపోతుంది, వ్రేళ్లు కొంకర్లు పోతాయి. 1881లో జర్మనీ వైద్యుడు ఫోక్‌మన్ ఈ వంకరను వివరించాడు. నేటికీ దానిని అతని పేరుతోనే పిలుస్తారు.

ఈ గుర్తులు గమనించండి:

1. దెబ్బకు మించిన నొప్పి, మందు వేసినా పెరిగే నొప్పి.
2. వ్రేళ్లను మెల్లగా చాపితే ప్రాణం పోయినట్లు నొప్పి.
3. చెయ్యి చెక్కలా గట్టిపడడం.
4. తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం, వ్రేళ్లు కదపలేకపోవడం.

మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటున్నది గదా అని నిశ్చింతగా ఉండవద్దు. నాడి ఉండగానే లోపల కండరం చచ్చిపోవచ్చు.

వెంటనే ఉంగరాలు, గాజులు, తాయెత్తు దారాలు తీసివేయండి. గుడ్డ కట్టయితే విప్పి, చేతికి వదులుగా ఆధారమివ్వండి. పిండికట్టయితే ఆసుపత్రిలో వెంటనే కోయించాలి. చేతిని గుండె మట్టానికే ఉంచండి, పైకి వ్రేలాడగట్టవద్దు. నూనెతో మర్దన చేయవద్దు, మంచు పెట్టవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక ఆహారం పెట్టవద్దు. పాము కరిస్తే త్రాడుతో బిగించి కట్టవద్దు. 108కి ఫోన్ చేసి, ఎముకల డాక్టరు ఉన్న పెద్దాసుపత్రికి ఆ రాత్రే బయలుదేరండి.

కట్టు విప్పినా తగ్గకపోతే డాక్టర్లు చర్మాన్ని, లోపలి పొరను పొడవుగా కోసి ఒత్తిడి వదిలిస్తారు. ఆ గాయాన్ని వెంటనే కుట్టరు. వాపు తగ్గిన కొన్ని దినాలకు కుడతారు, లేదా తొడ చర్మం తెచ్చి అతుకుతారు. చూచి భయపడవద్దు, చెయ్యి నిలిచేది దానివల్లనే. తరువాత వ్రేళ్ల వ్యాయామం నెలల తరబడి మానకూడదు.

తల్లిదండ్రులారా, ఓర్పు మంచి గుణమే. కాని ఈ నొప్పిని ఓర్చుకోమనడం ఓర్పు నేర్పించడం కాదు. ప్రార్థన చేయండి, అయితే ఇంట్లో కూర్చుని కాదు, ఆసుపత్రికి వెళ్లే దారిలో చేయండి.