యంత్రం అమ్మాలా, ఆట అమ్మాలా?

పెద్ద క్లాసులకు వచ్చిన పిల్లలున్న ఇళ్ళలో ఈ రోజుల్లో తరచు వినిపించే పేచీ ఒకటున్నది. "ఆ ఆట ప్లేస్టేషన్‌లోనే ఉన్నది, కొనిపెట్టండి" అని పిల్లవాడు. "ఇంట్లో కంప్యూటరు ఉన్నది గదా, అందులో ఆడుకోరాదా" అని తండ్రి. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదలైనప్పుడు ప్లేస్టేషన్ 5 ధర 49,990 రూపాయలు. నెలజీతం మీద బతికే కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. అందువల్ల ఒక కంపెనీ తన ఆటను తన యంత్రానికే ఎందుకు కట్టివేస్తుంది, మళ్ళీ కొన్నేళ్ళకు కంప్యూటరుకు ఎందుకు వదులుతుంది అనే సంగతి పెద్దలూ తెలుసుకోదగినదే.

ముందు యంత్రం సంగతి చూద్దాం. 2020 నవంబరులో సోనీ కంపెనీ ఈ యంత్రాన్ని 499 డాలర్లకు అమ్మకానికి పెట్టినది. దానిమీద నష్టం ఆగినదని 2021 ఆగస్టులో గాని చెప్పలేకపోయినది. నష్టానికి అమ్మడమేమిటంటారా? యంత్రం ఒకసారి ఇల్లు చేరితే, ఆ ఇంటివారు దానిమీద కొనే ఆటలు ఎవరు తయారుచేసినవైనా, వాటి ధరలో సుమారు నూటికి ముప్ఫై వంతులు సోనీకి కమీషనుగా ముడుతుంది. తోటివారితో కలిసి ఆడాలంటే చాలా ఆటలకు చందా వేరే. కాబట్టి మరెక్కడా దొరకని ఆట అసలు సరుకు కాదు. యంత్రం కొనిపించే ఎర.

మరి ఆ ఎరను బయటకు వదలడమెందుకు? తయారీ ఖర్చు అంతగా పెరిగినది. 2023లో అమెరికా న్యాయస్థానానికి చేరిన సోనీ కాగితాల ప్రకారం 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండవ భాగానికి సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చయినది. ప్రతి ఒక్కటి 60 డాలర్లకు అమ్మి, ఆ సొమ్మంతా తయారీదారుకే చేరినదనుకున్నా, 36 లక్షలకు పైగా ప్రతులు పోతేగాని పెట్టుబడి తిరిగిరాదు. తయారైన ఆటను కంప్యూటరుకు మార్చడానికి అయ్యే ఖర్చు అందులో కొద్ది భాగమే. మన సినిమావారు పెద్ద పట్టణాలలో ఆడించిన బొమ్మను తరువాత చిన్న ఊళ్ళకు పంపేవారు గదా, ఇదీ ఆ పద్ధతే.

అయితే ఖర్చు పద్దు కూడా వ్రాయాలి. కంప్యూటరు ఆటలు ఎక్కువగా వాల్వ్ కంపెనీవారి స్టీమ్ అంగడిలో అమ్ముడుపోతాయి. అక్కడ నూటికి 30 వంతులు వారికి. ఆట అమ్మకం కోటి డాలర్లు దాటితే ఆపై సొమ్ముమీద 25, అయిదు కోట్లు దాటితే 20. ఇక్కడ సోనీ కమీషను పుచ్చుకునేవాడు కాదు, ఇచ్చుకునేవాడు.

ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. అన్ని ఆటలూ 60 డాలర్లే అనుకుందాం. స్టీమ్‌లో ఒక ప్రతి అమ్మితే సోనీకి మిగిలేది 42. యంత్రం లేని మనిషి కొంటే ఆ 42 కొత్త రాబడి. కాని యంత్రం కొనవలసిన మనిషి "కంప్యూటరులో వస్తుందిలే" అని మానుకున్నాడనుకోండి. సొంత ఆటమీద 18 తగ్గినవి. అతడు యంత్రంమీద పదిమంది ఇతరుల ఆటలు కొని ఉంటే వచ్చే కమీషను 180 కూడా పోయినది. మొత్తం 198. అంటే ఒకడు జారిపోతే అయిదుగురు కొత్తవారు వస్తేగాని లెక్క సరిపోదు. వ్యాపారమంతా ఈ ఒకటికీ అయిదుకీ మధ్యనే ఉన్నది.

అందుకే సోనీవారు కాలాన్ని అడ్డుపెట్టుకున్నారు. 2017లో వచ్చిన 'హొరైజన్ జీరో డాన్' 2020లోనూ, 2018 నాటి 'గాడ్ ఆఫ్ వార్', 'స్పైడర్‌మాన్' 2022లోనూ కంప్యూటరుకు వచ్చినవి. అప్పటికి యంత్రం కొనదలచినవారు కొనేసి ఉంటారు గదా! తొందరపడితే పేరు పోయే ప్రమాదమూ ఉన్నది. 2023 మార్చిలో 'ది లాస్ట్ ఆఫ్ అస్' మొదటి భాగం కంప్యూటరుపై సరిగా నడవక, కొన్నవారిచేత చీవాట్లు తిన్నది.

పదిమంది కూడి ఆడే ఆటకు మాత్రం వేచి ఉండడం పనికిరాదు. జనం లేనిదే అది ఆటే కాదు. 'హెల్‌డైవర్స్ 2'ను 2024 ఫిబ్రవరిలో రెండుచోట్లా ఒకేరోజు విడుదల చేశారు. 12 వారాలలో కోటీ ఇరవై లక్షల ప్రతులు పోయినవి. మే నెలలో, కంప్యూటరువారు కూడా ప్లేస్టేషన్ ఖాతా తెరవాలన్నారు. ఆ ఖాతాకు వీలేలేని దేశాలలోనూ ఆట అమ్ముడై ఉన్నది. కొన్నవారు మండిపడ్డారు. కొద్ది రోజులకే ఆ మాట వెనక్కు తీసుకోవలసివచ్చినది. సరుకూ అమ్మాలి, కొన్నవాణ్ణి తమ అంగడికీ కట్టివేయాలి అంటే అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్లే.

తక్కిన ఇద్దరి దారులు వేరు. మైక్రోసాఫ్ట్‌వారికి విండోస్ కూడా తమదే గనుక 2016 నుంచి తమ ఆటలను కంప్యూటరుకూ వెంటనే ఇస్తూ వచ్చారు. దానితో ఎక్స్‌బాక్స్ ఎందుకు కొనాలన్న ప్రశ్న పుట్టినది. నింటెండోవారు మారియో, జెల్డా పెద్ద ఆటలను కంప్యూటరుకు వదలలేదు. వారి స్విచ్ యంత్రాలు 15 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

మా అభిప్రాయంలో ఈ జమాఖర్చులో చేరని పద్దు ఒకటున్నది. మొదటి రోజున పూర్తి ధర పెట్టి యంత్రం కొన్నవాడి నమ్మకం. ఆట ఎలాగూ బయటకు వస్తుందని జనానికి అలవాటైతే, తరువాతి యంత్రం వచ్చినప్పుడు అతడే ఆగి చూస్తాడు. కంపెనీ తానుగా ఆ ఓపిక నేర్పినట్లవుతుంది.

ఇక మన ఇళ్ళ సంగతి. పిల్లవాడు అడిగేది ఒంటరిగా ఆడే కథ ఆట అయితే, అది కంప్యూటరుకు వచ్చినదా, మన కంప్యూటరుకు దాన్ని నడిపే శక్తి ఉన్నదా అని ముందు విచారించండి. నింటెండోవారిదైతే వేచి లాభం లేదు. స్నేహితులతో ఆడేదైతే, ఆ స్నేహితులు దేనిమీద ఆడుతున్నారో అడగండి. ఆ తరువాతనే డబ్బు సంగతి.