ర్యామ్ పొదుపు ఓకే, కానీ యూపీఐ యాప్‌కి వద్దు!

8 జీబీ, 12 జీబీ అని బాక్స్ మీద చూసి ఫోన్ కొంటాం కానీ, ఆ ర్యామ్‌ని కెర్నల్ ఎలా వాడుతుందో ఎవరూ అడగరు. లినక్స్‌లో కేఎస్ఎమ్ అనే ఫీచర్ 2009 నుంచే ఉంది. అచ్చం ఒకేలా ఉన్న మెమరీ పేజీలు వెతికి, ఒక్క కాపీ ఉంచి మిగతావి ఖాళీ చేస్తుంది. ఎవరైనా అందులో రాయబోతే అప్పటికప్పుడు విడి కాపీ తీసిస్తుంది.

చిక్కంతా అక్కడే. ఆ కాపీ తీయడానికి మామూలు కంటే ఎక్కువ టైమ్ పడుతుంది. ఆ తేడా కొలిచి పక్క ప్రాసెస్ మెమరీలో ఏముందో కనిపెట్టొచ్చని పరిశోధకులు ఎప్పుడో చూపించారు. వీఎమ్‌వేర్ అయితే వర్చువల్ మెషీన్ల మధ్య ఇలాంటి షేరింగ్‌ని 2014లోనే డిఫాల్ట్‌గా ఆపేసింది.

2023లో లినక్స్ 6.4 వచ్చాక పని సులువైంది. అంతకుముందు ప్రోగ్రామ్ కోడ్‌లో ఒక్కో మెమరీ భాగాన్నీ విడిగా మార్క్ చేయాలి. ఇప్పుడు ప్రాసెస్ మొత్తానికీ ఒకే కాల్ చాలు. నాకు నచ్చింది, ఒక్కటి తప్ప: ఫోర్క్ అయిన పిల్ల ప్రాసెస్‌లకీ ఈ సెట్టింగ్ వారసత్వంగా వెళ్తుంది. ఆండ్రాయిడ్‌లో యాప్స్ దాదాపు అన్నీ జైగోట్ అనే ఒకే ప్రాసెస్ నుంచి పుడతాయి. ర్యామ్ మిగులుతుందని ఏ కంపెనీ అయినా అక్కడే ఆన్ చేసిందనుకోండి, గేమ్‌తో పాటు మీ యూపీఐ యాప్ కూడా అందులోకి పోతుంది.

గేమ్‌కి పెట్టండి, కాదనను. బ్యాంక్ యాప్‌కి మాత్రం ఆఫ్‌లోనే ఉండాలి. ఆ స్విచ్ సెట్టింగ్స్‌లో మన చేతికివ్వాలి.