టీవీకి కూడా గడువు తేదీ రాయండి

నేను బంటుమిల్లిలో కేబుల్ ఆపరేటర్ని. డాబాల మీద డిష్షులు తిప్పిన కాలం నుంచి ఇదే పని. అప్పట్లో జనం ఫోన్ చేస్తే ఒకటే మాట: "బొమ్మ రావట్లేదు, ఒకసారి వచ్చి చూడు." ఫైబర్ వచ్చాక బొమ్మకు ఢోకా లేదు. ఫోన్లు మాత్రం తగ్గలేదు. "బాబాయ్, మా టీవీలో గూగుల్ ఎక్కడుంది?" "అబ్బాయి లింకు పంపాడండీ, కాస్త టీవీలో పెట్టివ్వరూ." "పేజీ వచ్చింది గానీ వీడియో ఉండాల్సిన చోట నల్లగా ఉంది, నీ నెట్టే స్లో." తీగ నాది కాబట్టి తెర మీద ఏది ఆగినా నా ఖాతాలోనే పడుతుంది.

నెట్ స్లో కాదు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయల ప్యాకేజీలోనే 15 ఎంబీపీఎస్ వేగం ఇచ్చారు. ఒక హెచ్‌డీ వీడియో ఆడడానికి అందులో సగం చాలు. ఇప్పుడు మా లైన్లలో చాలా ఇళ్లకు అంతకు రెండు మూడింతలు వెళ్తోంది. ఆగేది తీగలో కాదు, టీవీలో. అందులో బ్రౌజర్ అని ఒకటి పెట్టి అమ్ముతారు. అమ్మిన రోజే దాన్ని మర్చిపోతారు. నా గొడవ దాని గురించే.

యూట్యూబ్ ఉంది, ఓటీటీలు ఉన్నాయి, ఇంకా బ్రౌజర్‌తో పనేంటి అని కొందరంటారు. వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా లైనులో ఒక రొయ్యల రైతు కూతురు టెక్సాస్‌లో ఎంఎస్ చదివింది. మే నెలలో పట్టాలిచ్చే సభ. తల్లిదండ్రులకు వీసా దొరకలేదు. ఆ యూనివర్సిటీ ప్రత్యక్ష ప్రసారాన్ని యూట్యూబ్‌లో పెట్టలేదు, తన వెబ్‌సైట్‌లోనే పెట్టింది. అక్కడ పొద్దున పదింటికంటే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. మేనత్తలు, పిన్నులు, చెరువు దగ్గర పని ముగించుకొచ్చిన పాలేర్లు, అందరూ హాల్లో చేరారు. ఫోన్ తెర ముందు రెండు తలకాయలు పడతాయి, మూడోది పట్టదు. గోడకు 55 అంగుళాల టీవీ ఉంది. నన్ను పిలిచారు.

ఆ లింకు జానెడు పొడుగుంది. రిమోట్ మీద బాణం బటన్లతో ఒక్కో అక్షరం దగ్గరకూ వెళ్లి నొక్కాలి. ఒక్క చుక్క తప్పితే మళ్లీ మొదటికి. చివరికి పేజీ వచ్చింది, యూనివర్సిటీ పేరు వచ్చింది, కింద వీడియో ఉండాల్సిన చోట బూడిదరంగు పెట్టె మిగిలింది. టీవీ కొన్నది 2018లో. తెర ఇప్పటికీ కొత్తదానిలా మెరుస్తోంది. ఆఖరికి పక్కింటి కుర్రాడి ల్యాప్‌టాప్ తెచ్చి, హెచ్‌డీఎంఐ వైరు వేసి చూపించాను. అమ్మాయి పేరు పిలిచేసరికి హాలంతా లేచి నిలబడింది. వాళ్లమ్మ మాత్రం, "మన ఇంటిపేరుని అలా నమిలేశాడేంటి?" అంది.

ఆ బూడిదరంగు పెట్టెకు కారణం చెప్తాను. బ్రౌజర్ లోపల ఒక ఇంజను ఉంటుంది. ఫోన్‌లో అయితే అది కొన్ని వారాలకోసారి తనంతట తానే కొత్తదవుతుంది. టీవీలో అలా కాదు. యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం ఎల్‌జీ కంపెనీ తానే ప్రచురించే పట్టిక ప్రకారం, 2018 మోడళ్లలో ఉన్నది క్రోమియం 53. అది 2016 నాటి ఇంజను. 2020 మోడళ్లలో ఉన్నది 68, అది 2018 నాటిది. శామ్‌సంగ్ లెక్కా దాదాపు ఇంతే: 2018 టీవీల్లో 56, 2020 టీవీల్లో 69. అంటే అట్టపెట్టె విప్పేసరికే బ్రౌజర్‌కు ఏడాదో రెండేళ్లో వయసుంటుంది, ఆ తర్వాత అక్కడే ఆగిపోతుంది. వెబ్‌సైట్లు ఆగవు. కొత్త రకం కోడు రాస్తారు, వీడియోను ఏవీ1 లాంటి కొత్త పద్ధతుల్లో కుదిస్తారు. పాత ఇంజను తనకు తెలియని మొదటి మాట దగ్గరే చతికిలబడుతుంది. అప్పుడు పేజీ తెల్లగా వస్తుంది, నాకు ఫోన్ వస్తుంది.

2021 సెప్టెంబరు 30 ఇంకో ఉదాహరణ. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే భద్రతా సర్టిఫికెట్లతో కోట్ల వెబ్‌సైట్లు నడుస్తాయి. వాటికి మూలంగా ఉన్న ఒక పాత సర్టిఫికెట్ గడువు ఆ రోజుతో తీరింది. కొత్తది తెలియని పాత పరికరాల్లో ఆ సైట్లన్నీ "సురక్షితం కాదు" అంటూ మొరాయించాయి. పాత టీవీలూ అందులో ఉన్నాయి. ఏ భాగమూ కాలిపోలేదు, పిడుగు పడలేదు. ఒక తేదీ దాటింది, అంతే.

గూగుల్ టీవీ సెట్లదైతే ఇంకో వింత. గూగుల్ పేరు పెట్టుకున్న టీవీలో గూగుల్ క్రోమ్ ఉండదు, టీవీలోని ప్లే స్టోర్‌లో వెతికినా దొరకదు. జనం పఫిన్ లాంటి వేరే బ్రౌజర్లు వేసుకుంటున్నారు. పఫిన్‌లో మనం అడిగిన పేజీ ముందు ఆ కంపెనీ సర్వర్‌లో తెరుచుకుని, అక్కడి నుంచి మన తెర మీదకు వస్తుంది. వీడియో చూసుకోండి గానీ, దయచేసి అందులో బ్యాంకు పాస్‌వర్డు కొట్టకండి.

ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేసుకోవచ్చు కదా అని కుర్రాళ్లు తేలిగ్గా అంటారు. చేయొచ్చు. కానీ క్యాస్ట్ చేసే ఫోన్ ఆ కుర్రాడి జేబులోనే ఉంటుంది, వాడు పొద్దున్నే గుడివాడ బస్సెక్కేస్తాడు. ఇంట్లో మిగిలేది అమ్మానాన్నా, ఒక బటన్ల ఫోనూ, గోడ మీద టీవీ.

ఇంత చిన్న సంగతిని కంపెనీలు ఎందుకు పట్టించుకోవు? బ్రౌజర్ వల్ల వాళ్లకు పైసా రాదు. టీవీ వేయగానే కనిపించే మొదటి తెర మీద వరుసగా ఉండే బొమ్మల్లో చాలావాటి వెనక వ్యాపారం ఉంది. రిమోట్ మీద ఓటీటీ పేర్లతో ఉన్న బటన్ల వెనకా ఉంది. బ్రౌజర్‌కు మాత్రం బటన్ ఉండదు, నాలుగైదు మెనూలు దాటి వెళ్లాలి. అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 2021 మూడో త్రైమాసికం లెక్కలు చూడండి. టీవీలు అమ్మగా మిగిలిన లాభం కంటే, ఆ టీవీల్లో ప్రకటనలు, చూసేవాళ్ల సమాచారం అమ్మగా మిగిలింది రెట్టింపు దాటింది. జనం ఏం చూస్తున్నారో అడగకుండా రాసుకున్నందుకు అదే కంపెనీ 2017లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులో 22 లక్షల డాలర్లు కట్టింది. మొదటి తెర అద్దెకిచ్చే దుకాణం అయ్యాక, కొన్నవాడు ఆ దుకాణంలోకి రాకుండా తనకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్లే దారిని ఎవరు బాగుచేస్తారు?

మన కాంపిటీషన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్ టీవీల కేసులో గూగుల్‌తో రాజీ కుదుర్చుకుంది. గూగుల్ 20.24 కోట్లు కట్టింది. టీవీ కంపెనీలకు ప్లే స్టోర్‌ను మిగతావాటితో ముడిపెట్టకుండా విడిగా ఇవ్వడానికి ఒప్పుకుంది. మంచిదే. అయితే అది పెద్ద కంపెనీల మధ్య పంపకం. కొన్న టీవీ ఎన్నాళ్లు పనిచేయాలన్న ప్రశ్న అందులో లేదు.

ఇక అందరి మనసులోనూ ఉన్న మాట. "టీవీలో బ్రౌజర్ అడిగేది ఐబొమ్మ కోసమే కదా!" కాదని నేను బుకాయించను. బ్రౌజర్ కోసం నాకు ఫోన్ చేసినవాళ్లలో చాలామంది కొత్త సినిమా కోసమే చేశారు. 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఐబొమ్మ అనే ఆ దొంగ సినిమాల సైటు నడిపాడన్న ఆరోపణ మీద ఒకరిని అరెస్టు చేశాక, సైటు మూతపడ్డాక, ఆ ఫోన్లు ఒక్కసారిగా తగ్గాయి కూడా. కేబుల్ కొత్తగా వచ్చినప్పుడు సినిమావాళ్లు మా ఆపరేటర్లనూ దొంగలనే అన్నారు. ఆ మాటలో కొంత నిజమూ ఉండేది. దానికి మందు దొంగ సినిమా వేసినవాడి మీద కేసు పెట్టడమే అయింది. కేబుల్ తీగనే నిషేధించాలని ఎవరూ అనలేదు. పైగా పాతబడ్డ బ్రౌజర్ దొంగ సైటును ఆపదు. ఆ సైటులోంచి వచ్చే చెత్తను ఆపే శక్తి దానికి ఉండదు, అంతే తేడా.

నాకు బ్రౌజర్ విలువ బాగా తెలిసేది సినిమాల్లో కాదు, తుపాను రోజుల్లో. బందరులో వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడార్ ఉంది. సముద్రం మీద మేఘం ఎక్కడుందో, ఎటు కదులుతోందో ఆ రాడార్ బొమ్మలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఎప్పటికప్పుడు వస్తాయి. దానికి టీవీ యాప్ లేదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వస్తోందన్నప్పుడు, కరెంటు ఉన్నంతసేపూ మా ఆఫీసు టీవీలో ఆ పేజీ తెరిచి ఉంచాను. వలలూ ఏరేటర్లూ ఎప్పుడు తీయాలో తేల్చుకోవడానికి చెరువుల వాళ్లు వచ్చి నిలబడి చూశారు. వార్తా చానళ్లలో మైకు పట్టుకున్న పిల్లాడు గాలికి ఊగుతూ అరుస్తాడు. రాడార్ బొమ్మ అరవదు. ఎర్రటి మచ్చ మన వైపు వస్తోందా, నరసాపురం వైపు పోతోందా అన్నది చూపిస్తుంది, చూసేవాడే తేల్చుకుంటాడు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజున ఈ తీరంలో అలాంటి బొమ్మ చూసే వీలు ఏ ఇంటికీ లేదు. ఇప్పుడు ఉంది. చాలా ఇళ్లలో అది తెరుచుకోదు, ఎందుకంటే టీవీ కంపెనీ బ్రౌజర్‌ను వదిలేసింది.

బడి సంగతీ చెప్పాలి. నాడు-నేడు పథకం కింద 2023లో మన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో స్మార్ట్ టీవీలు, పై తరగతుల గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు పెట్టారు. మంచి పని. అవీ నా రొయ్యల రైతు టీవీ లాగే ముసలివవుతాయి. 2030లో ఒక టీచరమ్మ కొత్త పాఠం లింకు కొడితే బూడిదరంగు పెట్టె వస్తే, తప్పు ఎవరి మీద వేయాలి? ప్రభుత్వం కొనే ప్రతి టీవీ టెండరులో "ఫలానా సంవత్సరం దాకా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి" అన్న ఒక్క షరతు చేర్చడానికి ఖర్చేమీ లేదు.

నేను అడిగేదీ అదే, అందరి టీవీలకూ. మా రొయ్యల మేత బస్తా మీద తయారైన తేదీ ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. అది చూడకుండా మా రైతు బస్తా దింపుకోడు. నలభై వేలు పెట్టి కొనే టీవీ మీద బీఈఈ వారి నక్షత్రాల స్టిక్కర్ ఉంది, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో అందులో ఉంది. ఆ స్టిక్కర్ పక్కనే ఒక సంవత్సరం అచ్చు వేయాలి: ఈ టీవీ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ ఇంతవరకు కొత్తవవుతాయి అని. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇది చట్టం. ఇంటర్నెట్‌కు తగిలించే వస్తువు అమ్మేవాడు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తాడో కొనేవాడికి ముందే చెప్పాలి. యూరప్ ఇంకో అడుగు వేసి, మామూలుగా కనీసం ఐదేళ్లు ఇవ్వాల్సిందేనంది. ఆ చట్టం 2027 డిసెంబరు నుంచి పూర్తిగా అమలవుతుంది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లోనే మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. మరమ్మతంటే స్క్రూలూ బోర్డులే కాదు, లోపలి సాఫ్ట్‌వేర్ కూడా అని అందులో చేరిస్తే సగం పని అయినట్టే.

పెద్ద కంపెనీలు ఈ మధ్య కొన్ని మోడళ్లకు ఐదేళ్లు, ఏడేళ్లు అప్‌డేట్లిస్తామని ప్రకటిస్తున్నాయి. సంతోషం. మా ఊళ్లో అమ్ముడుపోయేవి ఎక్కువగా ఆ మోడళ్లు కావు. కంపెనీ పేరు కూడా సరిగా నోరు తిరగని 32, 43 అంగుళాల సెట్లు. చట్టం కావాల్సింది వాటికే.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ దసరాకు బందరు, గుడివాడ దుకాణాల నుంచి ఆటోల్లో, ట్రాలీల్లో ఎన్ని అట్టపెట్టెలు మా ఊరు చేరాయో నేను చూశాను. ఇంకా కొనబోయేవాళ్లకు నాదో మాట. డబ్బు కట్టకముందు మీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, దుకాణంలోనే ఆ టీవీలో బ్రౌజర్ తెరిపించండి. వాతావరణ శాఖ పేజీలో బందరు రాడార్ బొమ్మ వస్తుందేమో చూడండి. యూట్యూబ్ కాని ఏదో ఒక సైటులో వీడియో ఒకటి ఆడించండి. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో అడిగి బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో కూడా మాట్లాడతారు.