బ్రాయిలర్ దాణాలో చేపల పొడి తప్పనిసరా?

బ్రాయిలర్ దాణాలోని మాంసకృత్తులలో కొంత భాగం జంతు సంబంధమైనదై ఉండి తీరాలన్న సిఫారసు విస్తరణ కరపత్రాలలో నేటికీ కనిపిస్తూనే ఉంది. ఈ సిఫారసుకు కాలం చెల్లిందనీ, సొంతంగా దాణా కలుపుకునే చిన్న రైతుకు ఇది నష్టం కూడా కలిగిస్తున్నదనీ నా అభిప్రాయం.

దీని పుట్టుకకు ఒక కారణం ఉంది. కేవలం గింజలు, చెక్కలతో పెంచిన కోడిపిల్లలు సరిగా ఎదగకపోవడం, చేపల పొడి కలిపినప్పుడు ఎదగడం గమనించి, అందులో ఏదో తెలియని 'జంతు మాంసకృత్తుల కారకం' ఉన్నదని ఆనాటి శాస్త్రవేత్తలు భావించారు. 1948లో విటమిన్ బి12ను వేరుచేయడంతో ఆ చిక్కు చాలావరకు విడిపోయింది. నేడు ఆ విటమిన్ ప్రీమిక్స్‌లోనే లభిస్తుంది. సోయా చెక్కలో లైసిన్ సమృద్ధిగా ఉంటుంది. మెథియోనిన్ లోటును డీఎల్-మెథియోనిన్ తీరుస్తుంది. అమైనో ఆమ్లాలు తగు పాళ్ళలో జీర్ణమై అందితే చాలు, అవి చేప నుండి వచ్చాయా, గింజ నుండి వచ్చాయా అన్నది కోడికి పట్టదు.

ఆవిరిపై ఉడికించి, నూనె తీసి, ఆరబెట్టిన మేలైన చేపల పొడి శ్రేష్ఠమైన పదార్థమే. దానిని నేను కాదనను. అయితే చిన్న రైతుకు సాధారణంగా దొరికేది ఇసుక నేలపై ఎండబెట్టి దంచిన ఎండుచేప. అందులో ఉప్పు, ఇసుక ఎంత ఉన్నాయో అమ్మేవానికే తెలియదు. ఉప్పు ఎక్కువైతే కోళ్ళు నీరు అధికంగా త్రాగుతాయి, లిట్టరు తడిసి ముద్దవుతుంది. మితిమీరిన వేడిలో తయారైన పొడిలో గిజ్జెరోసిన్ ఏర్పడి కందనకాయ లోపలి పొర దెబ్బతింటుంది.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు యూరియా కల్తీ. కెల్డాల్ పద్ధతి కొలిచేది నత్రజనిని మాత్రమే. దానిని 6.25తో హెచ్చించి ముడి మాంసకృత్తులుగా లెక్కిస్తాము. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే ఈ లెక్కన 287 శాతానికి పైగా 'మాంసకృత్తులు'! 45 శాతం మాంసకృత్తులున్న పొడి 98 కిలోలకు 2 కిలోల యూరియా కలిపితే నివేదికలో దాదాపు 50 శాతం కనిపిస్తుంది. పశువు వలె కోడికి నెమరు పొట్ట లేదు కనుక ఆ యూరియా వల్ల దానికి ఏ ప్రయోజనమూ లేదు. పరీక్ష చేయించుకున్న రైతే ఇక్కడ మోసపోతున్నాడు.

శాకాహార వనరులన్నీ నిర్దోషమైనవని దీని అర్థం కాదు. సోయా చెక్కను తక్కువ వేడి చేస్తే ట్రిప్సిన్ నిరోధకాలు మిగులుతాయి, ఎక్కువ వేడి చేస్తే లైసిన్ జీర్ణత పడిపోతుంది. వేరుశనగ చెక్కలో లైసిన్ తక్కువ, అఫ్లాటాక్సిన్ భయం ఎక్కువ. బియ్యం నుండి ఇథనాల్ తీయగా మిగిలే డీడీజీఎస్‌లో మాంసకృత్తుల శాతం చూసి మురిసిపోతే, లైసిన్ దగ్గర దెబ్బతింటాము. సోయా ఒక్కదానిపైనే ఆధారపడటమూ క్షేమం కాదు. 2021లో దాని ధర ఎంతగా పెరిగిందంటే, జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నుల మేరకు దిగుమతి చేసుకునేందుకు కేంద్రం అనుమతించవలసి వచ్చింది. అటువంటి సమయంలో రైతు చూడవలసినది బస్తా ధర కాదు, అందులోని జీర్ణమయ్యే లైసిన్ కిలో ఎంతకు పడుతున్నదన్న లెక్క.

ఆ లెక్క వేయడానికి మన కరపత్రాలు అతనికి ఏమిస్తున్నాయి? ముడి మాంసకృత్తుల శాతం ఒక్కటే. ఫినిషరు దాణాకు భారతీయ ప్రమాణాల సంస్థ సూచించిన 20 శాతాన్ని వల్లె వేయించడం సులభమే. లైసిన్, మెథియోనిన్, థ్రియోనిన్‌లను విడిగా చేర్చితే పెరుగుదల తగ్గకుండానే ఆ శాతాన్ని ఒకటి రెండు పాళ్ళు తగ్గించవచ్చనీ, రెట్టలో నత్రజని తగ్గి షెడ్డులో అమ్మోనియా ఘాటు కూడా తగ్గుతుందనీ విద్యార్థులకు తరగతిలో చెబుతున్నాము, రైతుకు మాత్రం చెప్పడం లేదు.

తదుపరి ముద్రణలోనైనా 'తప్పనిసరి' అన్న మాట తొలగించి, ప్రతి దాణా దినుసు ఎదుట జీర్ణమయ్యే లైసిన్, మెథియోనిన్ విలువలు ముద్రించాలి. దాణా విశ్లేషణ ప్రయోగశాలలు చేపల పొడి నమూనాకు కెల్డాల్ అంకెతో పాటు యూరియా, ఉప్పు, ఆమ్లంలో కరగని బూడిద ఫలితాలను కూడా, రైతు అడగకపోయినా, అదే కాగితంపై వ్రాసి ఇవ్వాలి.