గీసిన చేతికి పేరు: మహిళా కళాకారుల ప్రణాళిక

మేము బొమ్మలు వేసేవాళ్లం, రాయి చెక్కేవాళ్లం, అచ్చులు తీసేవాళ్లం, శ్రీకాళహస్తిలో కలం పట్టి బట్ట మీద కథలు దిద్దేవాళ్లం, చేర్యాల నకాశీ ఇళ్లలో పటాలకు రంగులు వేసేవాళ్లం. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో చదివినవాళ్లూ మాలో ఉన్నారు, అత్తగారి పక్కన కూర్చుని పని పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మా కోర్కెలు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ మూలం ఒకటే: ఒక పనిలో ఎన్ని చేతులు పడ్డాయో అన్ని పేర్లూ ఆ పని పక్కన కనబడాలి. పేరు లేనిచోట కూలి దొరుకుతుందేమో గానీ గుర్తింపు దొరకదు. పేరు తెలియని మనిషిని బహుమతుల కమిటీ పిలవదు, బ్యాంకు నమ్మదు, చరిత్రకారుడు వెతకడు.

తెలుగు చిత్రకళలో స్త్రీకి కొరత లేదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల్లో ఆమే. బాపు గీతలోనూ ఆమే. అందమైన అమ్మాయి కనిపిస్తే "బాపు బొమ్మ" అనడం మన ఇళ్లలో వాడుకైపోయింది. తోట వైకుంఠం కాన్వాసు నిండా నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్లే. ఆ చిత్రాలతో మాకు పేచీ లేదు. వాటిని చూసి, పాత పత్రికల అట్టలు చింపి దాచుకుని, మాలో చాలామంది గీయడం నేర్చుకున్నాం. కానీ తెలుగు చిత్రకారుల పేర్లు పది చెప్పమంటే గడగడా చెప్పే పెద్దమనుషులే, ఆడవాళ్ల పేర్లు చెప్పమంటే రెండో పేరు దగ్గరో మూడో పేరు దగ్గరో ఆగిపోతున్నారు. బొమ్మగా ఇంత పరిచయమున్న స్త్రీ, బొమ్మ వేసే మనిషిగా ఎందుకింత అపరిచితురాలు? ఈ ప్రశ్నే మమ్మల్ని ఒకచోట చేర్చింది.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రకళా మందిరం ఉంది. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయిన ఆ చిత్రకారుడిని తలుచుకుని తెలుగువాళ్లు గర్వపడతారు, పడాలి. అదే మందిరంలో ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ వేసిన చిత్రాలూ ఉన్నాయి. నూరేళ్ల కిందట ఒక తెలుగు ఇంట్లో ఇద్దరు స్త్రీలు కుంచె పట్టారు. రంగులు ఎక్కడి నుంచి తెప్పించుకున్నారు, ఇంటి పని అయ్యాక ఏ వేళప్పుడు గీశారు, ఒకరి బొమ్మను ఒకరు ఏమని విమర్శించుకున్నారు? ఇవన్నీ మాకు కావాలి. చూడడానికి వెళ్లిన మనిషికి వాళ్లు రామారావు గారి భార్య, రామారావు గారి సోదరి. చుట్టరికం చెప్పడంలో తప్పేమీ లేదు. పరిచయం అక్కడితో ముగిసిపోవడం మాకు బాధ.

అందుకని మేము తలకెత్తుకుంటున్న మొదటి పని వెతుకులాట. ఈ నేల మీద కుంచె, కలం, ఉలి పట్టిన స్త్రీల వివరాలు ఊరూరా సేకరిస్తాం. ట్రంకుపెట్టెల్లో మగ్గిన స్కెచ్ పుస్తకాలు, కాలేజీ రిజిస్టర్లు, పాత ప్రదర్శనల కరపత్రాలు, ఇంటి గోడల మీద చెదపట్టిన ఫ్రేములు, ఏదీ చిన్నది కాదు. ఇంటిపేరు దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడతాం. మనలో పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. కేటలాగుల్లో ఒకే చిత్రకారిణి ఇద్దరు వేరువేరు మనుషులైపోతుంది. 1947లో బొంబాయిలో పుట్టిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును స్థాపించిన ఆరుగురూ మగవాళ్లే. తర్వాత ఆ గ్రూపు ప్రదర్శనలో చిత్రాలు పెట్టిన స్త్రీ భాను రాజోపాధ్యే. 'గాంధీ' సినిమాకు దుస్తులు రూపొందించి భారతదేశానికి తొలి ఆస్కార్ తెచ్చిన భాను అథయ్యా ఎవరో అందరికీ తెలుసు. ఆ ఇద్దరూ ఒక్కరేనని తెలిసినవాళ్లు ఎందరు? ఏ పేరుతో సంతకం చేయాలన్నది పూర్తిగా ఆమె ఇష్టం. రికార్డులో మాత్రం ఆమె వాడిన పేర్లన్నీ ఒకే చోట ఉండాలి.

పేరు పోగొట్టుకోవడం మన ఒక్కరి కథే కాదు. 17వ శతాబ్దంలో హాలెండులో జూడిత్ లేస్టర్ అనే చిత్రకారిణి ఉండేది. హార్లెమ్ చిత్రకారుల సంఘంలో సభ్యురాలు, శిష్యులున్న గురువు. ఆమె పోయాక ఆమె చిత్రాలు ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడి పేరు మీద చెలామణి అయ్యాయి. 1893లో ఒక పండితుడు హాల్స్‌దని అందరూ మెచ్చుకుంటున్న చిత్రం మీద ఆమె గుర్తు, రెండక్షరాలూ ఒక నక్షత్రమూ, కనిపెట్టాడు. అప్పుడు ఏం జరిగింది? కొన్నవాళ్లు మోసపోయామని కోర్టుకెక్కారు, కొంత డబ్బు వెనక్కి రాబట్టుకున్నారు. అదే రంగు, అదే గీత, అదే నవ్వు. కిందటి రోజు దాకా చేయి తిరిగిన ఉస్తాదు పని అని మెచ్చుకున్న బొమ్మ, ఆడమనిషి చేతిదని తేలగానే ధర పడిపోయింది. విలువ బొమ్మను చూసే కడతామని ఏ వ్యాపారి చెప్పినా మేము ఈ కథ గుర్తు చేస్తాం.

లండన్‌లో 1768లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు స్థాపకుల్లో ఇద్దరు స్త్రీలున్నారు: ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. కొన్నేళ్లకు జోఫనీ అనే చిత్రకారుడు సభ్యులను ఒకే చిత్రంలో వేశాడు. గదిలో బట్టలు లేని మగ మోడల్, చుట్టూ పెద్దమనుషులు. ఆ గదిలో స్త్రీలు ఉండటం మర్యాద కాదు కాబట్టి ఇద్దరినీ గోడకు తగిలించిన పటాలుగా చూపించాడు. సంస్థ కట్టినవాళ్లు ఆ సంస్థ చిత్రంలో గోడ మీది బొమ్మలయ్యారు. వాళ్ల తర్వాత మరో స్త్రీకి పూర్తి సభ్యత్వం దక్కింది 1936లో, లారా నైట్‌కు. మోడల్ ముందు కూర్చుని శరీరాన్ని అభ్యసించనివ్వకపోవడం, ఆ తర్వాత "వీళ్లకు శరీరం గీయడం రాదు" అనడం: ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఏ కాలేజీలోనైనా మోడల్ అభ్యాసం నుంచి, రాతి శిల్పం నుంచి, లోహం పోత పోసే కొలిమి నుంచి అమ్మాయిలను "మీకెందుకమ్మా కష్టం" అని తప్పిస్తే మేము ఊరుకోం. ఆ కష్టం మాకు కావాలి. మా శరీరాన్ని ఎలా గీయాలో, ఎంత గీయాలో, అసలు గీయాలో వద్దో మేమే నిర్ణయించుకుంటాం.

ఇక మన ఊళ్ల సంగతి. కలంకారీ బట్ట ఎలా తయారవుతుందో చూసినవాళ్లకు మా వాదన వెంటనే అర్థమవుతుంది. ముందు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. కాల్చిన చింతబరికె బొగ్గుతో బొమ్మ గీయాలి. ఇనుప ముక్కలూ బెల్లమూ రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి నల్లగీత దిద్దాలి. పటిక పెట్టాలి, ఎరుపు ఎక్కేదాకా మరిగించాలి, పారే నీళ్లలో జాడించాలి, ఎండబెట్టాలి, మళ్లీ పసుపు, మళ్లీ నీలం, ప్రతి రంగుకూ మళ్లీ ఉతుకు. గీత ఒకరిది, రంగు నింపడం, ఉతకడం, ఆరేయడం చాలాచోట్ల ఆడవాళ్లవి. ఎరుపు ఎంత పండాలో, నీళ్లలోంచి గుడ్డ ఎప్పుడు తీయాలో ఆ చేతికే తెలుసు. ఒక్క ఉతుకు తేడా వస్తే రాముడి ఒంటి నీలం మసకబారుతుంది. ఆఖరికి చీర నగరంలో దుకాణానికి చేరేసరికి దాని మీద ఊరి పేరు ఉంటుంది, భౌగోళిక గుర్తింపు ముద్ర ఉంటుంది, అదృష్టం బాగుంటే గీత గీసిన ఉస్తాదు పేరు ఉంటుంది. రంగు పండించిన ఆవిడ ఎక్కడా ఉండదు. ఈ కళ ఆరిపోయే దశలో ఉన్నప్పుడు కమలాదేవి చటోపాధ్యాయ పట్టుబట్టి నిలబెట్టారు. 1950ల్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. ఒక స్త్రీ పట్టుదల నిలబెట్టిన కళలో ఇందరు స్త్రీలు పేరు లేకుండా పనిచేయడం మాకు సమ్మతం కాదు.

మన కాపీరైటు చట్టం, 1957 నాటిది, 57వ సెక్షనులో ఒక గట్టి మాట చెబుతుంది. బొమ్మ అమ్ముడైపోయినా, హక్కులు మొత్తం రాసిచ్చేసినా, "ఇది నేను చేశాను" అని చెప్పుకునే హక్కు చేసిన మనిషి దగ్గరే ఉంటుంది. విజ్ఞాన్ భవన్‌లో తాను చేసిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పాడుచేసినప్పుడు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఈ సెక్షను ఆధారంగానే ఢిల్లీ హైకోర్టులో 2005లో గెలిచారు. రంగు నింపిన స్త్రీని చట్టం కర్తగా ఒప్పుకుంటుందా లేదా అన్నది వకీళ్లు తేల్చుకోనీ. మేము ఒప్పుకుంటున్నాం. మా సభ్యుల పనులన్నిటికీ చీటీ ఇలా ఉంటుంది: గీత ఎవరిది, రంగు ఎవరిది, ఉతుకు ఎవరిది, పోత ఎవరిది, అచ్చు ఎవరిది. స్టూడియో ఉన్న మాలోని సభ్యులకు ఇది మరింత కచ్చితంగా వర్తిస్తుంది. నగరంలో పేరున్న చిత్రకారిణి తన కాన్వాసు మీద పల్లె నుంచి వచ్చిన ఇంకో స్త్రీ చేత కుట్టుపని చేయించి, సంతకం మాత్రం తనదే పెడితే, మగవాళ్లను మేము అడిగే ప్రశ్న ఆమెనూ అడుగుతాం.

ఆడవాళ్లందరూ ఒక్కటే అనే తేలిక మాట మేము అనం. గ్యాలరీ తలుపు తోసుకుని లోపలికి వెళ్లే ధైర్యం అందరికీ ఒకేలా రాదు. కులం, మతం, రంగు, ఇంగ్లీషు, ఇంటి అద్దె, అన్నీ ఆ తలుపు దగ్గర నిలబడే ఉంటాయి. దళిత స్త్రీ, ఆదివాసీ స్త్రీ, ముస్లిం స్త్రీ, ట్రాన్స్ మహిళ మా ప్రదర్శనలో అలంకారం కోసం ఉండరు; ఏ పని గోడకెక్కాలో తేల్చే కమిటీలో ఉంటారు. కళ ఏది, చేతిపని ఏది అని గీత గీసినప్పుడల్లా ఆడవాళ్ల పని కింది వైపే పడుతూ వచ్చింది. సంక్రాంతి ముగ్గుల పోటీలో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు తప్పులేకుండా వేసిన అమ్మకు స్టీలు గిన్నె ఇస్తారు. చిత్రకళా పోటీలో గెలిచిన అబ్బాయికి నగదూ పతకమూ ఇస్తారు. కొలత, సౌష్ఠవం, జ్ఞాపకం, చేతి పట్టు, ఏవి తక్కువయ్యాయని ఈ తేడా?

ఒక్క అమృతా షేర్‌గిల్‌ను చూపించి మాకు సమాధానం చెప్పొద్దు. 28 ఏళ్లకే 1941లో లాహోర్‌లో కన్నుమూసిన ఆమె చిత్రాలను ప్రభుత్వం 1976లో జాతీయ కళాసంపదగా ప్రకటించింది. 2023లో ఆమె చిత్రం ఒకటి వేలంలో 61.8 కోట్లు పలికి అప్పటికి భారతీయ చిత్రాల్లోకెల్లా ఎక్కువ ధర తెచ్చుకుంది. మాకు ఎంతో సంతోషం. కానీ వేలంపాటలో ఒక స్త్రీకి దక్కిన ధర, కాలేజీ పూర్తిచేసి పెళ్లితో కుంచె కడిగి పెట్టేసిన అమ్మాయికి గది ఇవ్వదు. మాకు దారి చూపింది ఇంకో జ్ఞాపకం: 1987లో నళినీ మలాని, మాధవీ పారేఖ్, నీలిమా షేక్, అర్పితా సింగ్ నలుగురూ కలిసి భోపాల్ భారత్ భవన్‌లో తమ ప్రదర్శన పెట్టి, తర్వాత ఇతర నగరాలకూ తీసుకెళ్లారు. ఎవరో పిలిచేదాకా ఆగలేదు.

గది, డబ్బు, వేళ గురించి మా మాటలు ఇవి. ఆర్ట్ క్యాంపులకు పిలిచేవాళ్లు పారితోషికం ముందే కాగితం మీద రాయాలి, ఆడా మగా ఒకే మొత్తం. చంటిపిల్లతో వచ్చే తల్లికి, పిల్లను చూసుకునే మనిషికి కూడా బస ఇవ్వాలి. యువ కళాకారుల ఉపకారవేతనాల్లో పిల్లల పెంపకం కోసం ఆగిన ఏళ్లను వయోపరిమితిలోంచి తీసేయాలి. ఇరవైల్లో ఆగి నలభైల్లో తిరిగొచ్చే స్త్రీ కూడా కొత్త కళాకారిణే. మార్చి 8కి మాత్రమే మమ్మల్ని తలుచుకునే గ్యాలరీలకు మా పనులు ఇవ్వం. మిగిలిన నెలల్లో ఏ తేదీ ఇస్తారో చెబితే అప్పుడు మాట్లాడుకుందాం. స్త్రీ ఒక్కరూ లేని న్యాయనిర్ణేతల కమిటీలో మాతో ఉన్న మగ మిత్రులు కూర్చోకూడదని కోరుతున్నాం, చాలామంది ఒప్పుకున్నారు.

స్టూడియో కూడా పనిచోటే. గురువు దగ్గర, క్యూరేటర్ దగ్గర, కొనేవాడి దగ్గర ఎదురయ్యే వేధింపును "కళాకారుడి స్వభావం" అని సర్దిచెప్పడాన్ని మేము ఒప్పుకోం. పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువ మంది ఉన్న చిన్న స్టూడియోల నుంచి జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు రాయడం దగ్గర్నుంచి విచారణ ముగిసేదాకా ఆమె పక్కన మాలో ఇద్దరు ఉంటారు.

చివరిగా, లెక్క. 1985లో న్యూయార్క్‌లో గెరిల్లా గర్ల్స్ గొరిల్లా ముసుగులు వేసుకుని మ్యూజియంలలో తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక విభాగాల్లో స్త్రీ కళాకారులు 5 శాతం లోపు, నగ్న చిత్రాల్లో 85 శాతం స్త్రీలు అని 1989లో పోస్టరు వేశారు. మేము ముసుగు వేసుకోం, సొంత పేర్లతోనే లెక్కపెడతాం. ప్రభుత్వ గ్యాలరీల గోడల మీద, కాలేజీ అధ్యాపకుల జాబితాల్లో, అవార్డుల కమిటీల్లో, ప్రజాధనంతో కొన్న విగ్రహాల శిల్పుల్లో స్త్రీలు ఎందరో సమాచార హక్కు దరఖాస్తులతో తెలుసుకుని ఏటా తెలుగులో ప్రచురిస్తాం. మా సొంత ప్రదర్శనల లెక్క కూడా అదే పట్టికలో, అదే పేజీలో ఉంటుంది: ఏ జిల్లా నుంచి ఎందరు, ఏ కులాల నుంచి ఎందరు, ఎవరి పని ఎంతకు అమ్ముడైంది, అందులో రంగు నింపిన మనిషికి ఎంత ముట్టింది.